బరువు లేని కెమెరా

కట్టబోయే అపార్ట్‌మెంట్ ఎలా ఉంటుందో చూపించే వాక్‌త్రూ వీడియోలు హైదరాబాద్, విజయవాడల్లో ఫ్లాట్ కోసం తిరిగిన చాలామందికి తెలుసు. గేటు దాటి, లిఫ్టు పక్క నుంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి కెమెరా తేలుతూ పోతుంది. గోడల రంగులు, సోఫా మీద పడే ఎండ, కిటికీ బయట చెట్లు అన్నీ బాగానే ఉంటాయి. అయినా ఎక్కడో తేడా కొడుతుంది. గుమ్మం దగ్గరికి రాగానే కెమెరా ఓ క్షణం తటపటాయిస్తుంది. ఉన్నచోటే నిలబడి కీ ఇచ్చిన బొమ్మలా పక్కకి తిరుగుతుంది. మళ్లీ ఒక్కసారిగా ముందుకి ఉరుకుతుంది. నాలుగు గదులు చూసేసరికి కళ్లు తిరిగినట్టవుతుంది. రెండరింగ్‌కి, అంటే కంప్యూటర్ ఒక్కో ఫ్రేమ్‌నీ గీసి ఇవ్వడానికి, రోజులు పట్టి ఉండొచ్చు గానీ, పని చెడింది మాత్రం కదలికని గీతలుగా చూపించే గ్రాఫ్ ఎడిటర్‌లో, నాలుగు గీతల దగ్గర.

సెట్‌లో ఉండే కెమెరాకి బరువుంది. ట్రాలీ మీద పెట్టి తోస్తే చప్పున కదలదు, కదిలాక చప్పున ఆగదు. మొదట్లో ఆ బరువు ఒక తలనొప్పి, తర్వాత అదే ఆస్తి అయింది. గారెట్ బ్రౌన్ 1970ల్లో తయారు చేసిన స్టెడీకామ్ కిటుకంతా అందులోనే ఉంది. కెమెరాని ఒక కడ్డీ పైన, బ్యాటరీ, మానిటర్ల బరువుని కింద ఉంచి, మొత్తాన్ని స్ప్రింగుల చేతికి తగిలించాడు. జడత్వం పెరిగింది, నడిచేవాడి అడుగుల అదురు కెమెరా దాకా రావడం మానేసింది. కంప్యూటర్‌లో ఉండే కెమెరాకి ఇవేవీ లేవు. అది ఏడు సంఖ్యల మూట: ఎక్కడుందో చెప్పడానికి మూడు, ఎటు తిరిగిందో చెప్పడానికి మూడు, లెన్స్‌కి ఒకటి. ఏ ఫ్రేమ్‌లో ఎక్కడుండమంటే అక్కడ ఉంటుంది. ముందు ఫ్రేమ్‌లో ఎక్కడుందో దానికి గుర్తుండదు, గుర్తుండాల్సిన అవసరమూ లేదు. కెమెరా కదలికని నునుపు చేయడానికి వాడే లెక్కలు, పేర్లు ఏవైనా, చివరికి లేని ఆ బరువుని తెచ్చిపెట్టే ప్రయత్నాలే.

బరువు లేకపోవడం ఎంత ఘోరంగా బయటపడుతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. 6 మీటర్ల కారిడార్. మొదట్లో ఒక కీఫ్రేమ్ (ఈ క్షణానికి కెమెరా ఇక్కడుండాలని పెట్టే గుర్తు, పొట్టిగా కీ), చివర ఇంకో కీఫ్రేమ్, మధ్య 4 సెకన్లు. సెకనుకి 24 ఫ్రేమ్‌ల చొప్పున 96 ఫ్రేమ్‌లు. రెండు కీల మధ్య తిన్నటి గీత గీస్తే ఫ్రేమ్‌కి 6.25 సెంటీమీటర్లు, అంటే సెకనుకి మీటరున్నర. మనిషి నడక వేగమే, చెప్పుకోడానికి మర్యాదగానే ఉంది. కానీ మొదటి ఫ్రేమ్ దాకా కదలకుండా ఉన్న కెమెరా, 24వ వంతు సెకనులో ఆ వేగాన్ని అందుకుంది. త్వరణం లెక్కేస్తే సెకను వర్గానికి 36 మీటర్లు, గురుత్వాకర్షణకి మూడున్నర రెట్ల పైమాటే. నడిచే మనిషిని వెనక నుంచి లారీ గుద్దితే తప్ప ఇలాంటి త్వరణం రాదు. చూసేవాళ్లకి ఈ సంఖ్యలు తెలియవు. తమ ఒంటితో ఎన్నడూ చేయని కదలిక ఇదని మాత్రం కంటికి తెలిసిపోతుంది.

వేగం మారే తీరు త్వరణం. ఆ త్వరణం మారే తీరుకి భౌతికశాస్త్రం జెర్క్ అని పేరు పెట్టింది. మనకి కుదుపు అనే మాట ఎప్పటి నుంచో ఉంది. ఆర్టీసీ బస్సులో నిలబడి ప్రయాణించినవాళ్లకి దీని పాఠం వేరే చెప్పక్కర్లేదు. మంచి డ్రైవరు స్టాపు దగ్గర బస్సు ఇక ఆగిపోతుందనగా, చిట్టచివర బ్రేకు మీద కాలు కాస్త వదులుతాడు. అలా వదలకపోతే బస్సు ఆగిన క్షణంలో జనమంతా ఒకసారి వెనక్కి ఊగుతారు. వేగం తగ్గుతున్నంతసేపూ అందరూ కడ్డీ పట్టుకుని సర్దుకునే ఉంటారు. ఆ తగ్గుదల హఠాత్తుగా సున్నా అయినప్పుడే తూలుతారు. కెమెరా విషయంలోనూ అంతే. ఎంత వేగంగా పోయిందన్నది కాదు, వేగం ఎలా వచ్చింది, ఎలా పోయింది అన్నదే చూపుకి తగిలేది.

అందుకే యానిమేషన్‌లో కదలిక మెల్లగా మొదలై మెల్లగా ఆగేలా చేసే ఈజ్-ఇన్, ఈజ్-అవుట్ అనేవి వచ్చాయి. వీటిలో బాగా వాడుకలో ఉన్న సూత్రం చాలా చిన్నది. కాలాన్ని 0 నుంచి 1 దాకా కొలిచి, ఆ సంఖ్య వర్గాన్ని 3తో, ఘనాన్ని 2తో గుణించి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే ఆ క్షణానికి ఎంత దూరం పోవాలో వస్తుంది. పై కారిడార్‌కే దీన్ని వాడితే మొదటి క్షణపు త్వరణం 36 నుంచి 2.25కి పడిపోతుంది. లారీ గుద్దడం పోయి, మనిషి అడుగు వేయడం మొదలైంది. అయితే ఆ 2.25 కూడా సున్నా నుంచి ఒక్కసారిగా పుట్టుకొచ్చేదే కాబట్టి కాస్త కుదుపు మిగిలే ఉంటుంది. కెన్ పెర్లిన్ 2002లో కంప్యూటర్‌లో సహజంగా కనిపించే గజిబిజిని పుట్టించే తన నాయిస్ సూత్రాన్ని సవరించినప్పుడు ఇలాంటి లోపాన్నే పట్టుకుని, ఐదో ఘాతం దాకా పోయే ఇంకో సూత్రాన్ని పెట్టాడు: ఐదో ఘాతానికి 6, నాలుగో దానికి మైనస్ 15, ఘనానికి 10. దీనిలో రెండు చివర్లా వేగమే కాదు, త్వరణం కూడా సున్నానే. చిత్రమేమిటంటే, మనిషి చెయ్యి బల్ల మీద ఒక చోటు నుంచి ఇంకో చోటుకి కదిలే తీరుని పరిశీలించిన ఫ్లాష్, హోగన్‌లు 1985లోనే ఇదే సూత్రానికి చేరుకున్నారు. చెయ్యి తన దారిలో మొత్తం కుదుపుని వీలైనంత తగ్గించుకుంటుందని వాళ్ల వాదన. కెమెరాకి మెత్తన అనిపించేదీ, చేతికి సహజమైనదీ ఒకే గీత కావడం కాకతాళీయం కాదనే అనిపిస్తుంది.

ఊరికే ఏదీ రాదు మరి. చివరలు మెత్తబడే కొద్దీ నడుము ఉరుకుతుంది. తిన్నటి గీతలో సెకనుకి 1.5 మీటర్లున్న వేగం మొదటి సూత్రంలో నడిమధ్యకి వచ్చేసరికి 2.25, రెండోదాంట్లో 2.8 దాటుతుంది. నడిచే మనిషి కాస్తా పరిగెత్తడం మొదలుపెట్టాడు. కుదుపు పోయిందని సంబరపడి రెండరింగ్‌కి పంపేస్తే, కారిడార్ మధ్యలో ఏమీ కనబడకుండా జారిపోయే షాటు చేతికొస్తుంది. దీనికి మందు సూత్రంలో లేదు. షాటుకి ఇంకో రెండు సెకన్లు ఇవ్వాలి, లేదంటే మధ్య భాగాన్ని సమవేగంతో ఉంచి చివరలే మెత్తబరచాలి.

ఇప్పటిదాకా రెండే కీలు. మూడోది రాగానే దారి వంపు తిరుగుతుంది. చుక్కల ముగ్గు వేసేవాళ్లకి రెండు పద్ధతులు తెలుసు. ఒకటి చుక్కని చుక్కతో కలుపుతూ పోవడం. రెండోది మెలికల ముగ్గు: గీత చుక్కని తాకదు, చుట్టూ తిరిగి పోతుంది. కెమెరా దారులూ ఈ రెండు రకాలే. ఎడ్విన్ కాట్‌ముల్, రఫాయెల్ రోమ్ 1974లో చెప్పిన స్ప్లైన్ (చుక్కల ఆధారంగా గీసే నున్నటి వంపు గీత) మొదటి రకం. ప్రతి చుక్క గుండానూ పోతుంది. ఒక చుక్క దగ్గర గీత ఎటు వంగాలో దానికి ముందున్న చుక్క, వెనకున్న చుక్క కలిసి తేలుస్తాయి. బి-స్ప్లైన్ మెలికల ముగ్గు లాంటిది. చుక్కల్ని తాకకుండా వాటి ఒరవడిలో పోతుంది కాబట్టి ఇంకా మెత్తగా ఉంటుంది, కానీ కెమెరా ఇక్కడే ఉండాలని పట్టుబట్టినచోట ఉండదు. ఇక బెజియర్ వంపులు పుట్టింది సినిమా కోసం కాదు, కార్ల కోసం. సిట్రోయెన్‌లో పాల్ డి కాస్టెల్జో, రెనోలో పియర్ బెజియర్ కార్ల ఒంటి వంపుల్ని లెక్కల్లోకి దించడానికి వాటిని తయారు చేసుకున్నారు. బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో కీ పక్కన మొలిచే రెండు పిడులు ఆ కార్ఖానాల వారసత్వమే.

ఏ స్ప్లైన్ వాడాలన్న చర్చ చాలామంది అనుకునేంత పెద్ద విషయం కాదు. అసలు పేచీ వేరే చోట ఉంది. స్ప్లైన్ మీద ముందుకి పోయే సంఖ్య దూరం కాదు. ఒక చుక్క నుంచి తర్వాతి చుక్కకి పోవడాన్ని అది ఒక అడుగుగా లెక్కపెడుతుంది, ఆ అడుగు మీటరైనా నాలుగు మీటర్లైనా దానికి ఒకటే. దాంతో చుక్కలు దగ్గరగా ఉన్నచోట కెమెరా నీరసపడుతుంది, దూరంగా ఉన్నచోట దూకుతుంది. మలుపు బాగా రావాలని గుమ్మం దగ్గర నాలుగు చుక్కలు ఎక్కువ పెట్టినవాళ్లకే ఈ శిక్ష ఎక్కువ. దారి నున్నగా ఉంటుంది, నడక ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఎంత చూసినా దారిలో తప్పు కనబడదు కాబట్టి ఇంకో చుక్క పెడతారు, ఇంకా చెడుతుంది.

దీనికి మందు తెలిసిందే. గీతని వందలాది చిన్న ముక్కలుగా కోసి, మొదటి నుంచి ఎంత పొడవు వచ్చిందో ఒక పట్టిక రాసుకుంటారు. ఇన్ని మీటర్లు పోయాక గీత మీద ఎక్కడుంటాం అన్నదానికి ఆ పట్టికలో జవాబు దొరుకుతుంది. అక్కడి నుంచి ఎక్కడ అన్నది ఒక గీత, ఎప్పుడు అన్నది ఇంకో గీత. మొదటిది గదుల మధ్య నేల మీద ఉంటుంది, రెండోది గ్రాఫ్ ఎడిటర్‌లో దూరానికీ కాలానికీ మధ్య ఉంటుంది. ఈ రెంటినీ విడదీయడమే మొత్తం విద్యలో సగం. మూడు అక్షాలకీ విడివిడిగా కీలు పెట్టి పనిచేస్తే రెండూ ముడిపడిపోతాయి. పైగా సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టే పిడులు, విలువ పెరిగి తగ్గే చోటల్లా గీతని చదును చేస్తాయి. అక్కడ ఒక అక్షంలో వేగం సున్నా అవుతుంది, మిగతా రెండు అక్షాలు వాటి దారిన అవి పోతుంటాయి. గుమ్మం దగ్గర కెమెరా తటపటాయించేది ఇందుకే.

స్థానం సంగతి ఇంత. తిరగడం దీనికంటే మొండిది, పైగా దాని తప్పు తెర మీద ఇంకా పెద్దగా కనబడుతుంది. తెర వెడల్పు 1920 పిక్సెళ్లు, లెన్స్ చూసే కోణం 40 డిగ్రీలు అనుకుంటే, కెమెరా ఒక్క డిగ్రీ పక్కకి తిరిగితే మధ్యలో ఉన్న బొమ్మ దాదాపు 46 పిక్సెళ్లు జరుగుతుంది. అదే కెమెరా సెంటీమీటరు పక్కకి జరిగితే, 5 మీటర్ల దూరంలో ఉన్న వస్తువు కదిలేది 5 పిక్సెళ్లే. దారిలో చిన్న లోపాన్ని కన్ను క్షమిస్తుంది గానీ, చూపులో లోపాన్ని క్షమించదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు గంటల తరబడి దారిని దిద్ది, తిరిగే గీతల్ని చూడకుండా వదిలేస్తుంటారు.

మూడు కోణాలుగా రాసుకుంటే రెండు చిక్కులు. 350 డిగ్రీల దగ్గరున్న కెమెరాని 10 డిగ్రీలకి పంపమంటే, ముందుకి 20 డిగ్రీలు పోయే బదులు వెనక్కి 340 డిగ్రీలు గిర్రున తిరిగి వస్తుంది. రెండోది గింబల్ లాక్. కెమెరా నిట్టనిలువుగా పైకో కిందికో చూసినప్పుడు మూడు ఇరుసుల్లో రెండు ఒకదాని మీద ఒకటి పడి, ఒక దిక్కున తిరిగే స్వేచ్ఛ పోతుంది. అపోలో నౌకల్లో దిక్కు చెప్పే పరికరానికీ మూడు వలయాలే ఉండటంతో, వ్యోమగాములు ఆ భంగిమ దాపులకి పోకుండా జాగ్రత్తపడాల్సి వచ్చేది. దీనికి విరుగుడు కంప్యూటర్ల కంటే చాలా ముందే పుట్టింది. 1843 అక్టోబర్ 16న డబ్లిన్‌లో కాలవ గట్టు మీద నడుస్తున్న విలియం హామిల్టన్‌కి నాలుగు సంఖ్యల క్వాటర్నియన్ తట్టింది, ఆ సూత్రాన్ని అక్కడే వంతెన రాయి మీద చెక్కాడు. కెన్ షూమేక్ 1985లో దాన్ని యానిమేషన్‌లోకి తెచ్చాడు. రెండు దిక్కుల మధ్య అతి దగ్గరి దారిలో, సమవేగంతో తిరిగే పద్ధతి అది, వాడుకలో స్లెర్ప్ అంటారు. ఒక దిక్కుని రెండు క్వాటర్నియన్‌లు, ఒకదానికొకటి మైనస్‌గా, సూచించగలవు కాబట్టి కలిపేముందు గుర్తు సరిచూసుకోకపోతే ఇక్కడా పొడవాటి దారే పడుతుంది.

క్వాటర్నియన్ వస్తే కష్టాలన్నీ తీరాయని పాఠాల్లో రాస్తారు. ఎగిరే రాయికీ, తిరిగే అంతరిక్ష నౌకకీ అది నిజమే. కెమెరాకి మాత్రం అర్ధసత్యం. మొదటి ఫ్రేమ్‌లో క్షితిజరేఖ తిన్నగా ఉంది, చివరి ఫ్రేమ్‌లోనూ తిన్నగా ఉంది. మధ్యలో కెమెరా పక్కకీ పైకీ కలిపి తిరిగితే, అతి దగ్గరి దారి కాస్త ఒరిగిపోతుంది. నేల వాలుతుంది. గణితం ప్రకారం అందులో తప్పేమీ లేదు, చూసేవాళ్లకి మాత్రం ఓడ ఎక్కినట్టుంటుంది. ట్రైపాడ్ మీద పనిచేసే కెమెరామన్ పాన్ (పక్కకి తిప్పడం), టిల్ట్ (పైకీ కిందికీ తిప్పడం) రెండే వాడతాడు, ఒరగడం అతని చేతిలో లేదు. అందుకే సెట్ కెమెరాలా ఉండాల్సిన షాట్లలో చాలామంది పాత కోణాలకే పోతారు: పాన్ బయటి వలయం, టిల్ట్ లోపలిది, ఒరగడం అన్నిటికంటే లోపల. లేదంటే కెమెరా చూడాల్సిన చోట కనబడని ఒక గుర్తు పెట్టి, ఎప్పుడూ దానివైపే చూడమని కట్టేస్తారు. అప్పుడు కోణాల్ని కాక ఆ గుర్తుని కదిపితే చాలు. కెమెరా ఆ గుర్తుకి సరిగ్గా పైకి వస్తే మాత్రం గిరుక్కున తిరగబడుతుందని గుర్తుంచుకోవాలి.

ఎంత నున్నగా తిప్పినా పాన్‌కి ఒక హద్దుంది. 24 ఫ్రేమ్‌ల దగ్గర తెర ఒక అంచున ఉన్న వస్తువు రెండో అంచుకి చేరడానికి 7 సెకన్లైనా పట్టాలని ఛాయాగ్రాహకుల పాత లెక్క. అంతకంటే వేగంగా తిప్పితే బొమ్మ జారదు, మెట్లుమెట్లుగా గెంతుతుంది. గ్రాఫ్‌లో గీత ఎంత అందంగా ఉన్నా దాన్ని ఆపలేదు. మోషన్ బ్లర్, అంటే కదిలే బొమ్మ మసకబారడం, కొంత కప్పుతుంది, అంతే.

వీడియో గేముల్లో పరిస్థితి వేరు. సినిమా షాటులో చివరి కీ ఎక్కడుందో కెమెరాకి ముందే తెలుసు. గేములో ఆటగాడు ఇంకో క్షణానికి ఎటు దూకుతాడో ఎవరికీ తెలియదు. కెమెరా వెంటపడాలి, అలాగని నీడలా అతుక్కోకూడదు. 1996లో వచ్చిన సూపర్ మారియో 64 ఈ ఇబ్బందిని దాచకుండా, కెమెరాని మబ్బు మీద తిరిగే ఒక పాత్ర చేతికిచ్చి ఆటగాడికి పరిచయం చేసింది. కెమెరాని నడిపేవాడొకడు ఉన్నాడని ఒప్పుకున్నాక దాని తప్పులు సగం మాఫీ అవుతాయి.

అందరూ మొదట రాసే కోడ్ ఒకటే వరస: ప్రతి ఫ్రేమ్‌లో మిగిలిన దూరంలో పదో వంతు దగ్గరికి జరుగు. చూడటానికి భలే మెత్తగా ఉంటుంది. కానీ 10 మీటర్ల దూరాన్ని సెకనుకి 60 ఫ్రేమ్‌ల ఫోన్‌లో ఒక సెకను నడిపితే 2 సెంటీమీటర్లు కూడా మిగలవు, 30 ఫ్రేమ్‌ల ఫోన్‌లో అదే సెకనుకి 42 సెంటీమీటర్లు మిగులుతుంది. ఒకే ఆటలో రెండు కెమెరాలన్నమాట. వంతుని ఫ్రేమ్‌కి కాక గడిచిన కాలానికి, ఘాతాంక సూత్రంతో లెక్కేస్తే ఇది పోతుంది. పోనిది ఇంకోటుంది: వెనకబాటు. కెమెరా స్పందనకి 0.3 సెకను పెట్టి, పాత్ర సెకనుకి 5 మీటర్లు పరిగెడుతుంటే కెమెరా ఎప్పటికీ మీటరున్నర వెనకే ఉంటుంది. నునుపుకి చెల్లించే వెల అదే, ఎంత బేరమాడినా తగ్గదు. అందుకే మంచి గేముల్లో కెమెరా పాత్ర ఉన్నచోటికి కాక, పోబోయే చోటికి గురిపెడుతుంది.

ఊగకుండా, వీలైనంత త్వరగా వచ్చి ఆగే స్ప్రింగ్ దీనికంటే మెరుగు. గేములు తయారు చేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలోని స్మూత్‌డ్యాంప్ అదే. పదో వంతు పద్ధతిలో కెమెరా బయల్దేరేటప్పుడు ఒక్కసారిగా దూకుతుంది, ఆగేటప్పుడే మెత్తన. స్ప్రింగ్‌కి తన వేగం గుర్తుంటుంది కాబట్టి బయల్దేరడం కూడా మెత్తనే. మొదట్లో చెప్పుకున్న బరువు ఇక్కడ పేరు పెట్టుకుని మరీ లోపలికొచ్చింది. అయినా బొమ్మ సన్నగా వణుకుతుంటే స్ప్రింగ్‌ని అనుమానించే ముందు గడియారాన్ని చూడాలి. యూనిటీలో వస్తువుల కదలికని లెక్కేసే ఫిజిక్స్ మామూలుగా సెకనుకి 50 సార్లు నడుస్తుంది, తెర 60 సార్లు. అంటే ప్రతి సెకనులో 10 ఫ్రేమ్‌లకి పాత్ర కొత్త స్థానమే ఉండదు. కెమెరా కదిలింది, పాత్ర కదల్లేదు: వణుకు. దానికి నునుపు పెంచుకుంటూ పోవడం జ్వరానికి దుప్పటి కప్పడం లాంటిది.

నునుపు చేయనే కూడని చోటు కూడా ఒకటుంది. హైదరాబాద్ వీఎఫ్ఎక్స్ స్టూడియోల్లో మ్యాచ్‌మూవ్ చేసేవాళ్లకి ఇది రోజువారీ బెడద. నిజంగా తీసిన షాటులోకి కోటనో ఏనుగునో చొప్పించాలంటే, కంప్యూటర్ కెమెరా అసలు కెమెరా అదిరినట్టే, అదే ఫ్రేమ్‌లో, అంతే పిక్సెళ్లు అదరాలి. గ్రాఫ్ గరుగ్గా ఉందని ఎవరైనా ఫిల్టర్ వేశారో, ఏనుగు కాళ్లు నేల మీద జారడం మొదలుపెడతాయి. ఇంకో వైపు, పూర్తిగా కంప్యూటర్‌లో పుట్టిన సినిమాల్లో ఆ అదురుని వెతికి తెచ్చుకుంటారు. 2007లో వచ్చిన సర్ఫ్స్ అప్‌ని డాక్యుమెంటరీలా చూపించాలని, మనిషి భుజాన కెమెరా పట్టుకుని నడిచిన కదలికని రికార్డు చేసి కంప్యూటర్ కెమెరాకి ఎక్కించారు. పెర్లిన్ నాయిస్‌తోనూ చేతి వణుకు పుట్టించవచ్చు, కానీ చాలామంది దాన్ని స్థానానికి ఎక్కువగా, తిరుగుడికి తక్కువగా వేసి భూకంపం తెస్తారు. భుజం మీద కెమెరా నెమ్మదిగా తూగుతుంది, చూపు ఒక డిగ్రీ అటూఇటూ తేలుతుంది. మనిషి కదలిక అంటే నునుపు లేకపోవడం కాదు, తడబడి సర్దుకోవడం. ఆ సర్దుకోవడం నాయిస్‌లో ఉండదు.

మళ్లీ ఆ ఫ్లాట్‌లోకి వస్తే, కారిడార్ నుంచి వంటింటి దాకా కెమెరాకి ఒకే దారి, అందులో ఎన్ని తక్కువ చుక్కలైతే అంత మంచిది. వేగానికి రెండే కీలు, గుమ్మం దగ్గర ఏమీ ఉండకూడదు. మిగిలింది చూపు. మైకేల్ ల్యాండ్, డేవిడ్ లీ 1994లో డ్రైవర్ల కళ్లు ఎటు పోతాయో కొలిచారు. మలుపు రాకముందే, ఒకటి రెండు సెకన్లు ముందుగా, కళ్లు మలుపు లోపలి అంచు మీదకి పోతాయి, స్టీరింగ్ ఆ తర్వాత తిరుగుతుంది. ఇంట్లో నడిచే మనిషీ అంతే, తల ముందు తిరుగుతుంది, ఒళ్లు తర్వాత. కెమెరా చూడాల్సిన గుర్తుని అదే దారి మీద ఒక సెకను ముందు నడిపిస్తే చాలు. కెమెరా ఇంకా కారిడార్‌లోనే ఉండగా చూపు గుమ్మం దాటి, పొయ్యి గట్టు మీదుగా కిటికీ దాకా వెళ్లి ఉంటుంది.